పేరొక్కటే, మనుషులు వేరు
(జనగామ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన మూడు జిల్లాల ఓటర్ల జాబితాలు తెరిస్తే యాకూబ్ అనే పేరు పదే పదే కనబడుతుంది. పర్వతగిరి మండలం అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షావలీ దర్గా ఉన్నది. అక్కడ మొక్కుకున్నవారు బిడ్డలకు ఆ పేరు పెట్టుకున్నారు. మనవారే కాదు, హిందువుల ఇళ్లలోనూ యాకయ్యలు, యాకమ్మలు, యాకూబ్ రెడ్లు ఉన్నారు. అయితే కార్యాలయపు బల్ల వద్ద యాకయ్యకు లేని చిక్కు యాకూబ్‌కు వస్తున్నది. యాకయ్యకు ఇంటిపేరు తోడుంటుంది. యాకూబ్‌కు ఆ గడిలో ‘ఎండీ’ అనో ‘ఎస్‌కే’ అనో వ్రాస్తారు. గుమాస్తా కలానికి ఖాళీ గడి నచ్చదు, ఆ ఉద్యోగం చేసినవాడిగా చెబుతున్నాను. వాడకట్టులో సగం మందికి ఉన్న ఆ రెండక్షరాలు ఒకరిని మరొకరి నుంచి ఎట్లా వేరుచేయగలవు?

ఊరివారికి ఈ బాధ లేదు. దర్జీ యాకూబ్, మానుకోట మిర్చి యార్డు హమాలీ యాకూబ్, భూపాలపల్లి బొగ్గుబాయి యాకూబ్ అని వృత్తితో గుర్తుపెట్టుకుంటారు. ఆ వృత్తి ఓటరు జాబితాలోకి రాదు, పట్టాదారు పాసుపుస్తకంలోకీ రాదు. తండ్రి పేరు వస్తుంది. ఇద్దరి తండ్రులూ ఇమామ్‌లే అయితే ఇక మిగిలేది వయస్సు. జనన ధ్రువపత్రాలు లేని తరానికి ఆ వయస్సును ఎవరు, ఎట్లా వేశారో మీకు తెలియనిది కాదు.

పేరు, బంధువు పేరు, వయస్సు కలిసిన నమోదులను ఎన్నికల సంఘం కంప్యూటరు జత చేసి చూపుతుంది. అది అనుమానమే గాని తీర్పు కాదు. ఇంటికి వెళ్లి విచారించవలసినది బూత్ స్థాయి అధికారి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ ప్రకారం, ఇక్కడ నివసించడం లేదనో, అర్హత లేదనో పేరు తొలగించదలిస్తే ముందుగా ఆ మనిషి మాట వినాలి. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ రక్షణను గట్టిగా నిలబెట్టింది. అయినా 2018 డిసెంబరు 7న శాసనసభ ఎన్నికల నాడు ఎందరో పోలింగు కేంద్రం దాకా వెళ్లి, జాబితాలో పేరు లేక వెనుదిరిగారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఆనాటి ఓటు తిరిగి రాలేదు.

భూమి సంగతి ఇంకా కఠినం. నిజాం కాలపు సేత్వార్లు ఉర్దూలో ఉన్నాయి. ఆ పేరు తెలుగులోకి, తరువాత కంప్యూటరులోకి ఎక్కేసరికి యాకూబ్ యాఖూబ్ అయ్యాడు, యాకుబ్ కూడా అయ్యాడు. ఒక మనిషి ముగ్గురైతే ఒక చిక్కు, ముగ్గురు మనుషులు ఒక్కరైతే మరో చిక్కు. 2017 భూ రికార్డుల ప్రక్షాళనలో ఆధార్ జతచేయడంతో కొన్ని తేలాయి, కొన్ని ముడిపడ్డాయి. 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన భూభారతి అప్పీలుకు దారి తెరిచింది. ఆ దారిన వెళ్లేవారు పాత పహాణీ నకలు తప్పక వెంట ఉంచుకోవాలి.

కుల ధ్రువపత్రం దగ్గర మాత్రం వృత్తి తిరిగి ముందుకు వస్తుంది. 2007 చట్టం ముస్లింలలో వెనుకబడిన సమూహాలను బీసీ-ఈగా గుర్తించి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. హజామ్, ఖురేషీ, తురక కాశ వంటి వృత్తుల వారు అందులో ఉన్నారు. దూదేకులవారు బీసీ-బీలో ఉన్నారు. ఒకే తల్లి బిడ్డలలో అన్నను బడిలో ‘షేక్’ అని, తమ్ముణ్ణి ‘ఎండీ’ అని వ్రాస్తే వారి సమూహం మారిపోతుందా? పేరు ముందున్న అక్షరాలను చూసి దరఖాస్తు త్రిప్పి పంపడం విచారణ అనిపించుకోదు. తాత ఏ పని చేశాడో, ఆ ఇంట మిగిలినవారికి ఏ పత్రం ఇచ్చారో వాడకట్టులో అడిగి వ్రాయాలి.

ఓటు తొలగింపు ఉత్తర్వు చేతికందితే 15 రోజులలోగా కలెక్టరుకు అప్పీలు చేయాలి. జాబితాలో తప్పులు దిద్దుకోవడానికి ఫారం 8 ఉన్నది. ఆ ఫారాలు, అప్పీలు నమూనా తెచ్చాను. ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకం పక్కపక్కన పెట్టుకొని, అక్షరం తేడా ఎక్కడున్నదో ఈ బల్ల దగ్గరే చూసుకుందాము. మానుకోట వారు ముందు రండి, మీకు రైలు వేళ అవుతున్నది.