తెల్లవారునప్పటికి చచ్చిన బ్యాటరీ

వేకువజామున తండ్రిగారిని ఆసుపత్రికి తీసికొనిపోవలసియుండగా మా కారు కదలలేదు. అంతకు వారము ముందే మెకానిక్కు మాటపై క్రొత్త బ్యాటరీ కొనియుంటిని. కావున దోషము దానిది కాదు. రాత్రివేళ విద్యుత్తును దొంగిలించునది వేరొకటి కలదు.

మరునాడు కారు తాళముచెవి తీసి, బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పి, ఆ రెంటి నడుమ 10 ఆంపియర్ల అమ్మీటరును కలిపితిని. (అది ఉండగా ఇంజను త్రిప్పరాదు సుమండీ, మీటరు కాలిపోవును.) నేటి కార్లలోని యంత్రభాగములు నిద్రించుటకు కొంత వ్యవధి పట్టును, అరగంట ఆగితిని. సాధారణముగా 50 మిల్లీ ఆంపియర్లు మించరాదు. మీటరు 3 ఆంపియర్లు చూపినది! పది గంటలలో 35 ఆంపియర్-గంటల బ్యాటరీ దాదాపు ఖాళీ.

ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయుచు రాగా, ఒకదానితో ముల్లు పడిపోయినది. శ్రోతలు మన్నింపవలెను, దొంగ రేడియోయే! దాని ఆంప్లిఫయరును తాళముచెవితో నిమిత్తము లేక నేరుగా బ్యాటరీకి కలిపియుండిరి. ఆ తీగను మార్పించితిని.