పాట పేరే ఊరి పేరు: సుమత్రా కొండల్లో మినంగ్‌కబావ్ సంగీతం

ఈ ఎపిసోడ్‌లో మనం ఇండోనేషియా వెళ్తున్నాం. బాలీకో జకార్తాకో కాదు, సుమత్రా దీవిలో పడమటి వైపున్న కొండల్లోకి. అక్కడ పడాంగ్ పంజాంగ్ అని ఒక చిన్న ఊరుంది. ఆ చుట్టుపక్కల పుట్టిన సంగీతం గురించి మాట్లాడుకుంటూ ఒక ప్రశ్నకి జవాబు వెతుకుదాం. ఒక సంగీతాన్ని దాని ఊరి నుంచి బయటికి తీసుకొస్తే, దానితో పాటు ఏది వస్తుంది? ఏది అక్కడే ఉండిపోతుంది?

ముందు ఊరు ఎక్కడుందో చూద్దాం. పశ్చిమ సుమత్రా రాజధాని పేరు పడాంగ్. అది సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కణ్ణించి సుమారు 70 కిలోమీటర్లు, అనాయ్ లోయలోంచి ఘాట్ రోడ్డు ఎక్కితే పడాంగ్ పంజాంగ్ వస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని కన్ఫ్యూజ్ అవ్వకండి. మనం మాట్లాడేది పైనున్న ఊరి గురించి. 2020 జనాభా లెక్కల్లో అక్కడున్నది 56 వేల చిల్లర మంది. చుట్టూ మూడు అగ్నిపర్వతాలు: మరాపి, సింగలాంగ్, తాండికట్. మొదటి రెండూ 2,800 మీటర్లు దాటినవే. వాన ఎంత ఎక్కువంటే, ఆ ఊరికి 'వాన నగరం' అనే పేరు కూడా ఉంది.

అక్కడి జనం మినంగ్‌కబావ్‌లు. ముస్లింలు. వంశాన్ని తల్లి వైపు నుంచి లెక్కపెడతారు. ఇల్లూ, పొలమూ తల్లి నుంచి కూతురికి వెళ్తాయి. మగపిల్లలు ఊరు వదిలి, బయట నాలుగు డబ్బులు సంపాదించి, లోకం చూసి రావాలి. దీన్ని 'మెరంతావ్' అంటారు. కొండల్లోని మూల ప్రాంతం పేరు 'దారెక్', దాని బయటిదంతా 'రంతావ్'. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి, కథంతా వీటి మధ్యే తిరుగుతుంది.

ఇంకో మాట కూడా ఉంది, అది మనకి కొత్తది కాదు: 'నగరి'. సంస్కృతం నుంచి అక్కడికి వెళ్ళిన మాటే. మనకి నగరం అంటే సిటీ. వాళ్ళకి నగరి అంటే పల్లె, లేదా కొన్ని పల్లెల సముదాయం. ప్రతి నగరికీ సొంత పెద్దలు, సొంత ఆచారాలు ఉంటాయి. సంగీతం కూడా సొంతమే. పక్క నగరిలో వాయించేది నీ నగరిలో వాయించేదానికి తేడాగా ఉండటం అక్కడ మామూలు విషయం.

ఇక్కడ ఒక తేలిక సమాధానం చెప్పేయొచ్చు. కొండ, చలి, వాన, అందుకే వాళ్ళ పాట అంత దిగులుగా ఉంటుంది అని. చాలా ట్రావెల్ వీడియోల్లో ఇదే చెప్తారు. నాకు అది ఆనదు. చలి ప్రదేశాలన్నిట్లో దిగులు పాటలే పుట్టాలిగా మరి? ఊరు పాటలోకి ఎలా వస్తుందో కాస్త వివరంగా చూద్దాం. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి: వాద్యం చేసే సరుకు, పాట పేరు, స్వరాల అమరిక.

మొదటిది సరుకు. కొండల్లో ప్రధాన వాద్యం సలువాంగ్ అనే వెదురు గొట్టం. తలాంగ్ అనే పల్చటి వెదురుతో చేస్తారు. అదే వెదురు బొంగుల్లో బియ్యం, కొబ్బరిపాలు పోసి నిప్పుల మీద 'లమాంగ్' అనే వంటకం కూడా చేసుకుంటారు. అంటే వాద్యమూ వంటపాత్రా ఒకే పొదలోంచి వస్తాయన్నమాట. వాగులో కొట్టుకొచ్చిన వెదురో, బట్టలారేసి బాగా ఎండిన వెదురో అయితే నాదం ఇంకా బాగుంటుందని అక్కడ ఒక నమ్మకం.

సలువాంగ్‌ని మన పిల్లనగ్రోవిలా అడ్డంగా పట్టుకోరు. ఏటవాలుగా నోటి పక్కకి ఆనించి, గొట్టం అంచు మీద ఊదుతారు. రెండు చివర్లూ తెరిచే ఉంటాయి. వేళ్ళు పెట్టే రంధ్రాలు నాలుగే. వాయించేటప్పుడు ఊపిరి కోసం ఎక్కడా ఆగరు. బుగ్గల్లో పట్టిన గాలిని నోటితో వదులుతూనే, ముక్కుతో కొత్త గాలి పీలుస్తారు. అందుకే నాదం తెగదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, స్వరంతో పాటు గాలి సవ్వడి కూడా వినిపిస్తుంది.

కోత అయ్యాక వరి గడ్డితో చేసే 'పుపూయిక్' అనే బూర కూడా ఉంది. పచ్చి వరికాడని చీల్చి పీకలా చేసి ఊదుతారు, కావాలంటే చివర కొబ్బరాకు చుట్టి పెద్ద నోరు చేస్తారు. ఈ వాద్యాన్ని కొని దాచుకోవడం కుదరదు. పొలం పండితేనే ఉంటుంది, ఎండిపోతే పోతుంది.

కొండ దిగితే సరుకూ మారుతుంది, వాద్యమూ మారుతుంది. తీరంలో పడాంగ్ దగ్గరున్న పావ్ ప్రాంతం సలువాంగ్‌కి ఆరు రంధ్రాలు. ఇంకా దక్షిణంగా, పెసిసిర్ తీరంలో వాయించే రబాబ్ చూడ్డానికి అచ్చం వయొలిన్‌లా ఉంటుంది. ఓడలు ఆగే చోటికి బయటి వాద్యాలు రావడంలో వింతేముంది! పరియమాన్‌లో పెద్ద డోళ్ళ మోత. అందరూ మినంగ్‌కబావ్‌లే, కానీ వందలోపు కిలోమీటర్లలో ఇంత తేడా.

రెండో దారి, పాట పేరు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. సలువాంగ్‌తో పాడే పాటని 'దెందాంగ్' అంటారు. ఈ పాటలు వందల్లో ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఊళ్ళ పేర్లే ఉంటాయి. 'సింగలాంగ్' అనే పాట ఉంది, కచేరీని మామూలుగా దానితోనే మొదలుపెడతారు. 'మువారో లబువా' అనే పాట ఉంది, దక్షిణాన ఉన్న ఒక ఊరి పేరు అది. అంటే పాటల లిస్టు చదివితే మ్యాప్ చదివినట్టే.

కచేరీని 'బగురావ్' అంటారు. సరదాగా కబుర్లాడుకోవడం అని అర్థం. రాత్రి నమాజు అయ్యాక మొదలై తెల్లారేదాకా నడుస్తుంది. ఒక సలువాంగ్ కళాకారుడు, ఇద్దరు ముగ్గురు గాయనులు, ఎదురుగా చాపల మీద జనం. పాడేది పంతూన్‌లు, అంటే నాలుగు పాదాల పద్యాలు. మొదటి రెండు పాదాల్లో కొండో, వాగో, చెట్టో వస్తుంది. తర్వాతి రెండు పాదాల్లో అసలు మాట వస్తుంది. మంచి గాయని ఎదురుగా ఉన్న మనిషిని చూసి అప్పటికప్పుడు మాట కట్టేస్తుంది. ప్రకృతే గురువు అని వాళ్ళ దగ్గర ఒక నానుడి ఉంది. అందులోనూ మన 'గురు' అనే మాటే ఉంటుంది. ఈ పద్యాల నిర్మాణంలో ఆ నానుడి సూటిగా కనిపిస్తుంది.

మరి డబ్బు ఎలా వస్తుంది? వినేవాళ్ళు పాట అడిగి, డబ్బిస్తారు. ఏ పాట అడుగుతారు? తమ ఊరిది. ఇంకొకరు లేచి తమ ఊరిది అడుగుతారు. నవ్వులు, పోటీ, రాత్రంతా అదే ఆట. ఇక్కడే మెరంతావ్ వస్తుంది. ఊరు వదిలి పెకన్‌బారు, జకార్తా వెళ్ళి హోటళ్ళూ, బట్టల షాపులూ పెట్టుకున్న మినంగ్‌కబావ్‌లు లక్షల్లో ఉన్నారు. వాళ్ళు కళాకారుల్ని అక్కడికే పిలిపించుకుంటారు, పండక్కి ఊరొస్తే ఊళ్ళో పాడిస్తారు. ఊరు దాటని మనిషికి ఊరి పేరు పాటలో వింటే పెద్దగా ఏమనిపించకపోవచ్చు. దాటినవాడికి గొంతు పట్టేస్తుంది. ఈ వీడియోని ఇంటికి దూరంగా కూర్చుని చూస్తున్నవాళ్ళకి నేను వివరించక్కర్లేదు. ఊరి పాటని బతికిస్తున్నవాళ్ళలో ఊరు వదిలినవాళ్ళే ముందున్నారు.

ఆ పేర్ల వెనక ఉన్న కొండలు పోస్ట్‌కార్డ్ బొమ్మలు కాదు. 2023 డిసెంబర్ 3న మరాపి పేలింది, 24 మంది పర్వతారోహకులు చనిపోయారు. 2024 మే 11న కుండపోత వానకి ఆ బూడిదా, రాళ్ళూ వరదతో కలిసి కిందకొచ్చి 60 మందికి పైగా ప్రాణాలు తీశాయి. మనం ఇందాక ఎక్కిన అనాయ్ లోయ రోడ్డు కూడా కొట్టుకుపోయింది. అక్కడ ఒక గాయని కొండ పేరు పలికితే, వినేవాళ్ళకి అందులో ప్రేమా ఉంటుంది, భయమూ ఉంటుంది.

ఇక మూడో దారి, స్వరాలు. అసలు చిక్కు ఇక్కడుంది. తలెంపాంగ్ అని ఒక వాద్యం ఉంది. చిన్న గిన్నె బోర్లించినట్టుండే కంచు లేదా ఇత్తడి గంట, మధ్యలో బుడిపె. మరాపి కొండ కిందున్న సుంగాయ్ పువా ఊరు లోహపు పనికి పేరుమోసింది, తలెంపాంగ్‌లు అక్కడ పోతపోస్తారు. చేత్తో పట్టుకుని ఊరేగింపులో వాయించే పద్ధతి ఒకటుంది. ముగ్గురు వాయిస్తారు, ఒక్కొక్కరి చేతిలో ఒకటో రెండో గంటలు. ఎవరి దగ్గరా పూర్తి పాట ఉండదు. ఒకరు వదిలిన ఖాళీలో ఇంకొకరు కొడతారు. ముగ్గురూ కలిస్తేనే పాట వినిపిస్తుంది.

ఈ గంటల శ్రుతి నగరికో రకంగా ఉంటుంది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి ఏదైనా పల్లె రికార్డింగ్ వినిపించండి. ముల్లు ఏ స్వరం దగ్గరా సరిగ్గా నిలబడదు. యాప్ దృష్టిలో అది అపశ్రుతి. ఆ నగరి జనం చెవికి మాత్రం అదే సరైన శ్రుతి, పక్క ఊరిదే తేడా. వాళ్ళ ఊరేగింపు దూరం నుంచి వస్తుంటే, మనిషి కనబడకముందే ఎవరిదో తెలుస్తుంది.

ఇప్పుడు పడాంగ్ పంజాంగ్‌కి తిరిగొద్దాం. 1958లో ఈ ప్రాంతంలో జకార్తాకి ఎదురుగా తిరుగుబాటు ప్రభుత్వం ఏర్పడింది. 1961కల్లా అణిచేశారు. ఆ తర్వాత, 1960ల మధ్యలో, పడాంగ్ పంజాంగ్‌లో ప్రభుత్వ సంగీత విద్యాసంస్థ మొదలైంది. అదే పెరిగి పెరిగి ఈరోజు ఇండోనేషియా కళల సంస్థ, ఐఎస్ఐ పడాంగ్ పంజాంగ్ అయింది. అక్కడివాళ్ళు తలెంపాంగ్‌ని పాశ్చాత్య స్వరాలకి, అదే డో రే మీకి, శ్రుతి చేసి, వరుసలుగా పేర్చి పెద్ద ఆర్కెస్ట్రా తయారుచేశారు. ఓబర్లిన్ కాలేజీలో పాఠాలు చెప్పే జెనిఫర్ ఫ్రేజర్ 2015లో వచ్చిన 'గాంగ్స్ అండ్ పాప్ సాంగ్స్' పుస్తకంలో ఈ మార్పుల కథంతా వివరంగా రాశారు.

ఇంజనీర్‌గా నాకు ఆ నిర్ణయం బాగా అర్థమవుతుంది. ఒక్క స్టాండర్డ్ పెడితే అన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఏ ఊరి విద్యార్థి అయినా నేర్చుకోవచ్చు, కీబోర్డ్‌తో కలిపి వాయించొచ్చు, స్కూళ్ళకి సెట్లు పంపొచ్చు, విదేశీ వేదిక ఎక్కొచ్చు. దానివల్ల తలెంపాంగ్ అనే పేరు లోకానికి తెలిసింది. కొన్ని వందల మందికి ఉద్యోగాలొచ్చాయి. పల్లె కళాకారుల దగ్గర పాత బాణీలు నేర్చుకుని రాసిపెట్టినవాళ్ళు కూడా ఆ సంస్థ నుంచే వచ్చారు. కాబట్టి వాళ్ళని విలన్లుగా చూపించడం అన్యాయం.

కానీ స్టాండర్డ్ పెట్టిన క్షణంలోనే, దానికి సరిపోనిదంతా 'తప్పు' అయిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో పాత వెర్షన్ ఎక్కడో ఒకచోట సేవ్ అయి ఉంటుంది. పల్లె శ్రుతి ఉండేది రెండే చోట్ల: గంటల్లో, ముసలివాళ్ళ చెవుల్లో. గంట పగిలి కొత్తది డో రే మీలో తెచ్చుకుంటే, ఆ ఊరి పిల్లల చెవి పదేళ్ళలో మారిపోతుంది. ఎవరూ నిషేధించకుండానే ఒక ఊరి శ్రుతి మాయమవుతుంది.

ఇప్పుడు మన ప్రశ్నకి జవాబు కనిపిస్తోంది కదా. ఊరు పాటలో పేరుగా ఉంటే, అది ప్రయాణం చేస్తుంది. సలువాంగ్ పాట జకార్తా వెళ్ళినా సింగలాంగ్ సింగలాంగే. ఊరు స్వరాల అమరికలో ఉంటే ప్రయాణం కష్టం. తలెంపాంగ్ ఊరు దాటి పెద్ద వేదిక ఎక్కడానికి తన శ్రుతిని కిందే వదిలెయ్యాల్సి వచ్చింది.

లిమా పులు కోట జిల్లాలో తలాంగ్ అనావ్ అనే నగరి ఉంది. అక్కడ ఆరు పెద్ద రాళ్ళతో ఒక తలెంపాంగ్ ఉంది. కొడితే గంటల్లా మోగుతాయి. వాటిని ఎవరూ శ్రుతి మార్చలేరు, ఆర్కెస్ట్రాలో పెట్టలేరు. వినాలంటే మనమే వెళ్ళాలి. కొన్ని సంగీతాల విషయంలో అదొక్కటే దారి, మన యాప్ ముల్లుకి అవి ఒప్పుకోకపోతే ముల్లుదే తప్పు అనుకోవడం మొదలుపెడదాం.

మీ ఊళ్ళో కూడా పక్క ఊరికి భిన్నంగా వాయించే డప్పో, సన్నాయో, భజన బాణీయో ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. శ్రుతి సరిచెయ్యకుండా, ఎలా ఉంటే అలాగే.