ప్రభు బల్ల, ఇంటి బంతి

(నిజాంసాగర్‌లో దళిత క్రైస్తవులు, ఉద్యమ కార్యకర్తల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, అన్నలారా, సంఘ పెద్దలారా, నాట్లు ఇడిసిపెట్టి వచ్చిన కూలి తల్లులారా! అందరికీ జై భీమ్. అందరికీ ప్రభువు పేరట వందనాలు.

ఈ రెండు పలకరింపులు మేము ఒక్క నోటితోనే చెప్తున్నం. ఇట్ల చెప్తే రెండు దిక్కుల నుంచీ మాట పడుతది. కార్యకర్తల్లో కొందరు "మీకు పరలోకం ఉంది కదా, పోరాటం ఎందుకు?" అంటరు. అయ్యగార్లలో కొందరు "ధర్నాలు, ఊరేగింపులు లోకసంబంధమైనవి, విశ్వాసికి తగవు" అంటరు. చూడబోతే ఇద్దరి మాటా ఒక్కటే. నమ్మకం ఆదివారానిది, సోమవారానికి దానితో పని లేదు అని. మన తాతలు అట్ల బతకలేదు.

కోస్తా దిక్కు ఒంగోలు సంగతి వినుండ్రి. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి బాప్తిస్మం తీసుకున్నడు. తోళ్ళ బేరం చేసేటోడు. అంతకు ముందే యోగమార్గం తెలిసినవాడని తనవాళ్ళల్ల పేరున్నది. ఆయన ఊరూరు నడిచి చెప్పిండు. మాదిగవాడలు కదిలినయి. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కొత్తగా చేరినవాళ్ళకు పెట్టిన కట్టుబాట్లు మూడే. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు.

చెవికి భక్తి మాటల్లెక్క వినపడ్తయి. ఊర్లె పెట్టి చూడుండ్రి. ఆదివారం చేనుకు రాకుంటే ఆసామి పని ఆగుతది. జాతరల డప్పు కొట్టకుంటే ఊరి పండుగ ఆగుతది. గొడ్డు కూర ముట్టనంటే, "మీరు పుట్టిందే దానికోసం" అనే మాటకు అడ్డం తిరిగినట్టే. అందుకే ఊర్లు ఊరుకోలేదు. బందు పెట్టినయి, అబద్ధపు కేసులు పెట్టించినయి. వారానికి ఒక దినం మా వంటికి మాది అని ఆ రోజుల్లో అడిగిన కూలోళ్ళు ఎందరున్నరు? దాన్ని సమ్మె అనకుంటే ఏమంటం? ఏ యూనియనూ లేని కాలంల చేసిండ్రు.

"బియ్యానికి మతం మారినోళ్ళు" అనే మాట మనకు ఇప్పటికీ తగులుతనే ఉంటది. దానికీ అక్కడే జవాబున్నది. 1876-78 కరువుల క్లౌ బకింగ్‌హాం కాలువల మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టి ఆకలి జనానికి పని చూపిండు. ఆ జనం బాప్తిస్మం ఇయ్యమంటే ఇయ్యలేదు. తిండి కోసం వచ్చిండ్రనే మాట రావద్దని నెలల తరబడి ఆపిండు. తిండి పెట్టే పని అయిపోయినంక కూడా వాళ్ళు వచ్చిండ్రు. 1878 జులై 3 నాడు ఒక్క దినంల 2,222 మంది గుండ్లకమ్మల మునిగి లేచిండ్రు. బియ్యం మాట ఎత్తేటోళ్ళకు ఈ లెక్క చెప్పుండ్రి.

ఇగ మన దిక్కు. ఇక్కడికి వచ్చింది వెస్లియన్ మెథడిస్టులు. చార్లెస్ పోస్నెట్ కరువు కాలంల జనానికి పనీ తిండీ చూపి మెదక్ పెద్ద చర్చి కట్టించిండు. 1914ల మొదలైతే 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయ్యింది. మనవాళ్ళు బస్సులు కట్టుకొని పోయి గోపురం చూసొస్తరు, మంచిదే. గని మేము డిచ్‌పల్లిని ఇంకా ఎక్కువ తలుచుకుంటం. 1915ల ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కెర్ అక్కడ కుష్ఠు రోగుల దవాఖాన పెట్టిండ్రు. పైసలిచ్చిన దాతల్ల నర్సాగౌడ్ అనే హిందువు ఉన్నడు. కన్న కొడుకు దూరం పెట్టిన మనిషి పుండు కడిగిండ్రు. ముట్టుకుంటే మైల అనే దేశంల ముట్టుకునుడే పెద్ద ప్రకటన. మైకు లేదు, బ్యానర్ లేదు.

ఇంత చరిత్ర ఉన్నోళ్ళం ఇవాళ ఎట్ల బతుకుతున్నం?

అంతియొకయ పట్నంల జరిగింది చదివినోళ్ళకు ఎరుకే. పేతురు అంత పెద్ద శిష్యుడు. అన్యజనులతో కలిసి ఒక్క బంతిల తింటున్నడు. యెరూషలేము నుంచి తనవాళ్ళు వచ్చేసరికి భయపడి మెల్లగ పక్కకు జరిగిండు. ఆయన్ను చూసి ఇంకా కొందరు జరిగిండ్రు. పౌలు అందరి ముందరే నిలదీసిండు. వాక్యం తప్పు చెప్పినందుకు కాదు. పాట తప్పు పాడినందుకు కాదు. తినే కాడి నుంచి జరిగినందుకు!

మన కాడ ఆ సంగతి రోజూ జరుగుతది. చర్చిల మాల విశ్వాసి, మాదిగ విశ్వాసి ఒక్క గిన్నెల ద్రాక్షరసం తాగుతరు. ఇంటికాడ పెండ్లి అయితే ఊరి నుంచి చుట్టాలు వచ్చిండ్రని బంతి వేరే వేస్తరు. కొన్ని ఊర్లల్ల మాలోళ్ళ చర్చి, మాదిగోళ్ళ చర్చి అని పేర్లే ఉన్నయి. బొందలగడ్డ కాడ కూడా ఇటు ఒకలు అటు ఒకలు. అగ్రకులపోడు రెండు గ్లాసులు పెట్టిండని కేసు పెడ్తం. మన ఇంట్ల రెండు బంతులకు ఎవరి మీద కేసు పెట్టాలె? బాబాసాహెబ్ ఈ సంగతి ఎన్నడో రాసిండు. మతం మారినవాళ్ళ స్థితి గురించి రాసిన కాడ, కులం చర్చిలకు కూడా వెంట వచ్చిందనీ, మారినవాళ్ళు తమ హక్కుల కోసం లేచి నిలబడలేదనీ నిష్ఠూరమాడిండు. ఆ నిష్ఠూరం మనకు చేదుగా ఉంటది. గని శత్రువు మాట కాదది.

వర్గీకరణ మాట కూడా ఇక్కడే తేల్చుకుందాం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల అమలు. అప్పటి సంది మాట పట్టింపులు చర్చి గడప కూడా దాటినయని వింటున్నం. అన్నదమ్ములు పొలం పంచుకుంటరు. పంచుకున్నంక పండుగనాడు కలిసి తినరా? వాటా లెక్క వేరు, బంతి లెక్క వేరు. మాకు తెలిసినంతల దీంట్ల ఇంతకంటే పెద్ద వేదాంతం లేదు.

ఆడబిడ్డల సంగతి. నిజామాబాద్ జిల్లా పేరు చెప్తే ఒకప్పుడు జోగిని దురాచారం గుర్తుకొచ్చేది. దేవుని పేరు మీద మన వాడల ఆడపిల్లలనే ఊరికి ఒప్పజెప్పిండ్రు. దాని మీద కొట్లాడనీకి ఇక్కడికి వచ్చిన హేమలతా లవణం ఎవరు? మహాకవి జాషువా బిడ్డ, నాస్తికుడు గోరా కోడలు. చర్చి నుంచి వచ్చిన మనిషి కాదు. 1988ల చట్టం వచ్చింది. చట్టం వచ్చి ఇన్నేండ్లయినా ఒక మాట అడుగుతున్నం. జోగిని బిడ్డను మన కొడుక్కు చేసుకున్న విశ్వాసులు ఈ కూడికల ఎందరు? చేతులెత్తమని అడగం. ఇంటికి పోయినంక ఆలోచించుండ్రి. అసలు కట్నం లేకుండ కోడలిని తెచ్చుకున్నోళ్ళెందరు? పాస్టరు ఇంటి పెండ్లికే కట్నం మాట నడుస్తుంటే కూలోడు ఎట్ల మానుతడు?

ఇగ అన్నిటికంటే బరువైనది, మా బడి రిజిస్టర్ల ఒక గడి. పిల్లను చేర్పించనీకి తల్లి వస్తది. మెడల సిలువ, చేతిల కులం సర్టిఫికెట్. దాంట్ల హిందూ అని ఉంటది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, హిందువు కాకుంటే ఎస్సీ కాదన్నది. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిండ్రు. క్రైస్తవుడైన దళితునికి మన రాష్ట్రంల బి.సి.-సి, ఒక్క శాతం. 2007ల రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసెయ్యుండ్రి అని చెప్పింది. తియ్యలేదు. కారంచేడుల 1985 జులై 17న, చుండూరుల 1991 ఆగస్టు 6న గొడ్డళ్ళు పట్టుకొచ్చినోళ్ళు ఎవరి సర్టిఫికెట్ అడగలేదు. మాదిగ అని చంపిండ్రు, మాల అని చంపిండ్రు.

కొందరు అయ్యగార్లు పులిపీఠం మీదికెల్లి ఆ తల్లిని అబద్ధమాడినదని మందలిస్తరు. మేము ఒప్పుకోం. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ పోతే ఆ పిల్ల మళ్ళ కలుపుకే పోతది. మతాన్ని బట్టి అన్నం గిన్నె గుంజుకునే రాజ్యం పెట్టిన ఇరకాటం అది. ఆ ఇరకాటంల పడ్డ తల్లిని నిందించేటోళ్ళు ముందుగాల ఆ మూడో పేరా మీద ఒక్క దరఖాస్తన్న రాసిండ్రా? బాన్సువాడ ఆర్డీవో ఆఫీసు ముంగట ఒక్క పూటన్న కూసున్నరా? కూసుంటే మేము వాళ్ళ పక్కన కూసుంటం, బల్ల కాడ కూసున్నట్టే.

మంజీర మీద ఈ డ్యాం 1923ల మొదలై 1931ల అయ్యింది. కాలువలు ఎవరి పొలాల్లకు పారినయో, చెరుకు ఎవరు నరికిండ్రో మీకు మేము చెప్పాల్సింది లేదు. కూలి రేటు తెంపే కాడ మాల మేస్త్రి, మాదిగ మేస్త్రి వేరు వేరు మాట మాట్లాడితే ఆసామికి పండుగ. ప్రార్థన కూడికల ఒక్క పాట పాడినోళ్ళు పొద్దుగాల రేటు కాడ ఒక్క మాట మీద ఉండలేరా?

పని సంగతి చెప్పి కూసుంటం. ఈ క్రిస్మస్ ప్రేమ విందు ఒక్క కాడనే. బియ్యం ఇంటికి ఒక సోలెడు. వంట రెండు వాడల ఆడోళ్ళు కలిసి చేస్తరు, వడ్డించేది మొగోళ్ళు. చుట్టాలను ముందే పిలిచి చెప్పుండ్రి, బంతి ఒక్కటే ఉంటదని. ఇష్టం లేనోళ్ళు రాకుంటే రాకపోనీ. బొందలగడ్డ నడుమ గట్టు సంగతి సంఘ పెద్దలు వచ్చే కూడికల్ల తేల్చాలె. మూడో పేరా దరఖాస్తు రాసి తెచ్చినం. సంతకం రానోళ్ళు వేలిముద్ర పెట్టుండ్రి, సిరా డబ్బ తలుపు కాడ పెట్టినం.