గోధుమవన్నె పాచి

ఎల్లంతకుంట పేరులోనే కుంట కలదు. మన సీమలో ఏ కుంటకు దిగినను, నీట మునిగిన రాతిపై కాలు మోపినంతనే జారుట మనకందరకును అనుభవమే. ఆ రాతిపై గోధుమవన్నె పాచి పట్టియుండును. దానిని సూక్ష్మదర్శినిలో చూచినచో, మూతతో కూడిన గాజుభరిణెలవంటి జీవులు కానవచ్చును. వీనినే డయాటములందురు. నీటిలో కరగిన సిలికాను గ్రహించి ఇవి తమ కవచమును నిర్మించుకొనును. లోకమున సూర్యరశ్మితో జరుగు ఆహారోత్పత్తిలో సుమారు అయిదవ వంతు వీనిదే.

ఈ పాచితో మనకేమి పని యని శ్రోతలడుగవచ్చును. డయాటములు ఉప్పునీటను గూడ పెరుగును. కోస్తాతీరమున రొయ్యపిల్లలను ఉత్పత్తిచేయు హేచరీలకు ఇవియే ఆధారము. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల తొలుత తన శరీరమందలి పచ్చసొనతోనే బ్రతుకును. జోయా దశకు రాగానే దానికి మేత కావలెను. ఆ చిన్ననోటికి పట్టునది కీటోసెరాస్ వంటి డయాటము. తొట్టెలలో పెంచు ఈ పైరు ఒక్కరాత్రిలో చెడిపోయెనా, లక్షల పిల్లలు పస్తుండవలసినదే. పెట్టుబడి పెట్టినవాని గతియు నంతే.

పైరు ఏల పెరుగును? ఏల చెడును? దీనికి సమాధానములో కొంత ఆ జీవి కణమునందే, నాలుగక్షరముల జన్యులిపిలో వ్రాయబడియున్నది. 1958లో అమెరికాయందలి లాంగ్ ఐలాండ్ తీరజలములనుండి రాబర్ట్ గిలార్డ్ అను శాస్త్రజ్ఞుడు థలాసియోసైరా సూడోనానా అను డయాటమును వేరుపరచెను. మిల్లీమీటరులో ఇన్నూరవ వంతు మాత్రముండు ఈ జీవి ఆలుచిప్పల పెంపకమున మేతగా ఉపయోగపడినది. 2004లో దీని జన్యులిపి ప్రకటింపబడినది. డయాటములలో మొదట చదువబడినది ఇదియే. అందు సుమారు 3 కోట్ల 40 లక్షల అక్షరములును, 11 వేల జన్యువులును కలవు.

ఆ లిపిలో సిలికాను లోనికి గొనిపోవు జన్యువులు కనబడినవి. వానితోపాటు, జంతువులకే పరిమితమని తలచిన యూరియా చక్రముయొక్క జన్యువులును కనబడుట వింత గొలిపెను. 2008లో ఫియోడాక్టిలమ్ అను మరియొక డయాటము లిపి వెలువడెను. నత్రజని కొరత తీరిన వెంటనే కోలుకొనుటకు ఈ చక్రము తోడ్పడునని 2011లో దానిపై జరిగిన పరిశోధన తెలిపెను. మేత పెంచువానికి ఇది చిన్న మాట కాదు. తొట్టెకు ఏ ఎరువును ఎప్పుడు వేయవలెనో, నీటిరంగు చూచి ఊహించుటతోపాటు, కారణమెరిగి నిర్ణయించు దారి ఇందుచే తెరువబడినది.

అయినను, అక్షరములు చదివినంతనే అర్థము తెలియదు. 2004లో చదివిన ఆ జన్యువులలో దాదాపు సగమునకు పని యేమో నిర్ణయింప వీలుకాలేదు. ప్రతి ఉదయము తొట్టెలోని నీటిని గాజుగ్లాసులో ముంచి, వెలుతురున పట్టి చూచు పనివాని కన్నునకు ఇప్పటికిని విలువ తగ్గలేదు. ఆ కన్నును, ఈ లిపియును కలిసిననాడే పైరు నిలుచును.

ఈసారి కుంటలో కాలుజారినప్పుడు పాచిని తిట్టకుందము. ఎందరి కూడో ఆ గాజుభరిణెలలో నున్నది.