చెల్కలో పడ్డ వాన ఎటు పోతోంది?



రైతుకు ప్రభుత్వం చేసే సాయం గురించి మాట్లాడమన్నారు. ఆ మాట ఎత్తగానే మనకు గుర్తొచ్చేది ఖాతాలో పడే డబ్బు. 2018 మేలో ఎకరానికి పంటకు 4 వేల రూపాయలతో రైతుబంధు మొదలైంది. 2025 నుంచి రైతు భరోసా పేరుతో అది ఏడాదికి 12 వేలయింది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఏటా 6 వేలు, మూడు విడతల్లో. రైతు చనిపోతే ఇంటివాళ్లకు 5 లక్షల బీమా. విత్తనాల వేళ అప్పుకోసం గడప గడపా తిరిగే బాధను తగ్గించిన డబ్బు ఇది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే ఈ నేలను, ఇందులోని నీళ్లను నిలబెట్టుకోవడానికి ఎంత ఖర్చు పెడుతున్నాం? ఇవాళ నేను అడగదలచింది ఇదే.

మన కల్వకుర్తి చుట్టూ ఎక్కువగా ఎర్ర చెల్కలు. లోతు తక్కువ, వాలు ఎక్కువ. ఎకరం మీద అంగుళం వాన కురిస్తే లక్ష లీటర్ల పైచిలుకు నీళ్లు పడ్డట్టు. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే ఇరవై. వాలు వెంబడి సాళ్లు తోలిన చేనులో ఆ నీళ్లు నిలవవు. సాళ్లే కాలువలై, పైమట్టిని కడుక్కుని ఒర్రెలో కలుస్తాయి. ఒకప్పుడు ఆముదం, జొన్న, కంది పండిన చెల్కల్లో ఇప్పుడు ఎటు చూసినా పత్తి. చెట్టు కమ్ముకునేదాకా సాళ్ల మధ్య నేల బోసిగానే ఉంటుంది. పెద్దవానలు పడేదీ అప్పుడే.

ఆ మట్టి చివరికి చేరేది మన చెరువులోకే. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక తవ్వే ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది, చెరువు మట్టిని రైతులు సొంత ట్రాక్టర్లతో, కిరాయి ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు. నా దృష్టిలో అది మంచి పథకం, రైతు తానూ ఓ చెయ్యి వేసిన పథకం. కానీ పైన చెల్క కోసుకుపోతుంటే కింద చెరువును ఎన్నిసార్లని తవ్వుతాం?

నేలను కాపాడే పథకాలు లేకపోలేదు. కరువు ప్రాంతాల అభివృద్ధి పథకం 1973-74 నాటిది. వాటర్‌షెడ్ పనులు ఊరివాళ్ల చేతుల్లో జరగాలని 1994లో చెప్పిన కమిటీకి అధ్యక్షులు మన సి.హెచ్. హనుమంతరావు గారే. ఇప్పటి కేంద్ర వాటర్‌షెడ్ పథకంలో మైదాన ప్రాంతాలకు హెక్టారుకు 22 వేలు పెట్టారు. ఎకరానికి లెక్కేస్తే 9 వేలకు లోపే, అదీ ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టు మొత్తానికి. ఎకరానికి ఏడాదికి 12 వేలు ఇచ్చే రైతు భరోసా పక్కన ఈ అంకె పెట్టి చూడండి. మరోపక్క, 2018 జనవరి 1 నుంచి బోర్లకు 24 గంటల ఉచిత కరెంటు. నీళ్లు తోడుకోవడానికి ఇంత, నిలుపుకోవడానికి అంత.

ఉన్న కొద్ది డబ్బయినా సరిగ్గా దిగుతోందా? ఉపాధి పనుల్లో తవ్విన నీటి కుంటలు కొన్ని చూశాను. కొలతలు సరిగ్గానే ఉంటాయి, ఎందుకంటే కొలతల మీదే కూలి. కానీ తవ్విన మట్టిని ఎగువ గట్టు మీదే కుప్ప పోస్తారు. వాన నీళ్లు ఆ కుప్పకు తగిలి పక్కకు మళ్లుతాయి. కుంట ఎండిపోయే ఉంటుంది. నీళ్లు దిగే చోట పూడిక గుంట, నిండాక పొర్లిపోయే చోట నాలుగు బండలు పరిచి దారి ఉంటే అదే కుంట ఏళ్లపాటు పని చేస్తుంది. ఆ రెండూ కొలతల లెక్కలోకి రావు.

నేలను కాపాడే పనికి డబ్బు వేరే చోట ఎలా ఇస్తున్నారో చూడండి. అమెరికాలో 1930లలో దుమ్ము తుఫానులు లేచి పొలాలు ఎగిరిపోతే, 1935లో నేల సంరక్షణకు చట్టం తెచ్చారు. 1985 నుంచి కోతకు గురయ్యే నేలను పది, పదిహేనేళ్లు గడ్డి కింద వదిలిన రైతుకు ప్రభుత్వమే ఏటా కౌలు కడుతోంది. రెండు మూడెకరాల మన రైతును చేను వదిలెయ్యమనలేం. కానీ నేలను కాపాడినందుకు రైతుకు డబ్బివ్వడం అనే ఆలోచన మనకూ పనికొస్తుంది. వాలుకు అడ్డంగా సాళ్లు తోలినవాళ్లకు, గట్టు వేసినవాళ్లకు, పత్తి మధ్య కంది సాళ్లు పెట్టినవాళ్లకు ఎకరం సాయం పైన కొంత అదనంగా ఎందుకివ్వకూడదు?

రైతుకు డబ్బివ్వకుండానే జరిగిందీ ఉంది. 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను కొలిచారు. అందులో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. వానమాపకంలో వాన, బోరులో నీటిమట్టం తమ చేతులతో కొలిచి, యాసంగికి ముందు ఊరి నీటి లెక్క వేసుకున్నారు. సబ్సిడీ లేదు, బలవంతం లేదు. ఉన్న నీళ్లెన్నో కళ్లకు కనబడ్డాక వరి తగ్గించుకున్నవాళ్లున్నారు. ఆ లెక్కను మళ్లీ మన రైతు వేదికల్లో మొదలుపెట్టొచ్చు.

కాలువ నీళ్లు వస్తున్నాయి కదా అంటారేమో. కృష్ణ నీళ్లు ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అని మూడు చోట్ల ఎత్తితే గానీ మన దాకా రావు. అవి వస్తున్నందుకు సంతోషమే, వాటికోసం ఏళ్లకేళ్లు ఎదురుచూశాం. అయినా కాలువ అందని మెట్టచేలు చాలా ఉన్నాయి. వాటికి వానే దిక్కు.

ఇంకొకటి. మొదట చెప్పిన సాయాలన్నీ పాస్ పుస్తకం వెంట నడుస్తాయి. చేను దున్నేది కౌలురైతు. వచ్చే ఏడు ఆ చేను తనకు దక్కుతుందో లేదో తెలియనివాడు గట్టు ఎందుకు వేస్తాడు? 2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చినా సాయం మాత్రం పట్టా వెంటే పోయింది. గట్టు కట్టిన కూలి డబ్బయినా కౌలురైతు చేతికి రావాలని మనం గట్టిగా అడగాలి.

ఈసారి గ్రామసభలో పనుల జాబితా రాసేటప్పుడు మీరు దగ్గరుండండి. గుట్ట మీది కందకాలు ముందు, వాలులో గట్లు తర్వాత, ఒర్రెలో రాతికట్టలు ఆ తర్వాత, చెరువు చివరికి. ఈ వరసలో రాయించండి. కుంట తవ్వే చోటు వాన పడేటప్పుడు అధికారికి చూపించండి, నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో ఆయనకూ తెలుస్తుంది.