రోగి నోటి మాట



మా భైంసా మూడు భాషల యూరు. ప్రత్తి బజారులో తెలుగును, మరాఠీయు, ఉర్దూయు కలసి వినవచ్చును. మహారాష్ట్రపు పొలిమేర చేరువనే యున్నది గదా. ఇచ్చటి రోగి యొక భాషలో బాధ చెప్పుకొని, వేఱొక భాషలో మందు వివరము విని, తల యూపి వెడలిపోవుట కద్దు. తల యూపుట అర్థమైనదనుటకు గుర్తు కాదని నేను చాల ఆలస్యముగ తెలిసికొంటిని.

కొన్ని యేండ్ల క్రిందట మా యమ్మ జబ్బుపడి వేఱొక పట్టణమున ఒక వైద్యాలయమం దుండెను. నేను మంచము ప్రక్కన చాప పఱచుకొని పడుకొంటిని. ఆ గదిలో లక్ష్మీబాయి యను పేరుగలవా రిద్దఱు. రాత్రి నర్సు వచ్చి ఆ పేరు పిలువగా మా యమ్మ పలికెను. చేతిలో పెట్టిన మాత్ర పసుపుపచ్చగ నున్నది. పగలు వేసికొన్నది తెల్లనిది. నాకు సందేహము కలిగెను గాని, అడిగినచో కోపించి రేపు సరిగా చూడరేమో యను భయము నా నోరు కట్టివేసెను. నేను చదువుకొన్నవాడను! చదువురాని మా యమ్మయే, "ఇది నాది కాదు బిడ్డా, నాది తెల్లగుంటది" అనెను.

నర్సు కాగితము చూచుకొని, మాత్రను వెనుకకు తీసికొని, "మంచిగ చెప్పినవు అవ్వా" అనెను. ఆమె కసరియుండిన యెడల ఆ రాత్రినుండి ఆ గదిలో నెవ్వరును నోరు విప్పియుండరు.

రోగి కేమి తెలియునని యడుగువారికి వియన్నా నగరపు వృత్తాంత మొకటి చెప్పెదను. అచ్చటి ప్రసూతి వైద్యాలయమున రెండు విభాగము లుండెను. ఒకదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పని నేర్చుకొనుచుండిరి. 1846లో మొదటిదానియందు నూటికి 11 మందికి పైగా చనిపోగా, రెండవదానియందు నూటికి ముగ్గురైనను చనిపోలేదు. తమ్ము మొదటిదానికి పంపవలదని గర్భిణులు మోకరిల్లి వేడుకొనెడివారు. శవములను కోసిన చేతులతోనే కాన్పులు చూచుట కారణమని సెమ్మెల్వైసు అను వైద్యుడు 1847లో గ్రహించి, సున్నమును క్లోరినును కలిసిన నీటితో చేతులు కడిగించెను. మరణములు తగ్గెను. కారణమును వైద్యుడు కనుగొనెను. అపాయమును స్త్రీలు ముందే యెఱిగియుండిరి.

ప్రపంచారోగ్య సంస్థ 2019 నుండి సెప్టెంబరు 17ను రోగిభద్రతా దినముగ జరుపుచు, 2023లో రోగుల పాలుపంపునే ముఖ్యవిషయముగ నెన్నుకొనెను. సంతోషమే. కాని బరువంతయు రోగిపై మోపుట న్యాయము గాదు. స్పృహ లేనివాడేమి యడుగును? పసిబిడ్డ యేమి చెప్పును? పేరు పిలిచి ఊరకుండక, వయస్సును, ఊరును అడిగి, కాగితముతో సరిచూచుట వైద్యాలయపు పని. రోగి మాట కడపటి కంచె; మొదటి కంచె వారే వేయవలెను.

మా ప్రాంతమున మఱియొకటి కావలెను. "అర్థమైనదా?" అని యడిగిన నందఱును అయినదనియే యందురు. "ఇంటికి పోయి యీ మాత్రలు ఎప్పు డెన్ని వేసికొందువో నాకు చెప్పుము" అని, రోగి భాషలో, మరాఠీయైన మరాఠీలోనే, అడిగి చూడవలెను. తప్పు చెప్పిన మరల చెప్పవలెను. ఇందుకు రెండు నిమిషములు పట్టును. బారులు తీరిన జనము నడుమ రెండు నిమిషము లెంత కష్టమో నే నెఱుగుదును.

మా యమ్మ ఇప్పటికిని నేను మాత్ర నిచ్చినచో దీపము చెంతకు తీసికొనిపోయి రంగు చూచుకొనును.