పిడికిలికి తొడుగు

గుమ్మలక్ష్మీపురం కొండప్రాంతపు శ్రోతలారా, మల్లవీరుడు కోడి రామమూర్తినాయుడు జన్మించిన వీరఘట్టము మీ మన్యం జిల్లాలోనిదే కావున దేహబలమును గూర్చి మీకు వేరుగ చెప్పనక్కరలేదు. ముష్టియుద్ధమున ఆ బలము చేతినుండి ఎదుటివానికి ఏ రీతిని చేరునో నేడు విన్నవించెదను.

అరచేతిలోని అయిదు ఎముకలు మిక్కిలి సన్నవి. ఉత్తపిడికిలితో నుదుటిపై బలముగా గ్రుద్దినచో, కపాలమునకంటె ముందుగా చిటికెనవ్రేలి మొదటనున్న ఎముకయే తరచు విరుగును. అందుచేతనే ఉత్తచేతుల యోధులు తలపై ఆచితూచి కొట్టుచు, మెత్తని దేహభాగములను వెదకుచుండిరి. 1889లో అమెరికాలో సల్లివన్, కిల్రెయిన్ అను ముష్టియోధులు ఉత్తచేతులతో 75 రౌండ్లు పోరాడగలుగుటకు ఇదియు నొక కారణమని నా తలంపు.

ఇక పట్టీయు తొడుగును ధరించు రీతికి, మన నిజామాబాదు బిడ్డ, ముష్టియోధురాలు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్ నగరమున 52 కిలోల తరగతిలో జగజ్జేత్రియైన నాటి చేతులను తలచుకొనుడు. మణికట్టు నుండి వ్రేళ్ల సందుల మీదుగా బిగియజుట్టిన మీటర్ల పొడవు గుడ్డపట్టీ ఎముకలనన్నిటిని ఒక్క కట్టగా బంధించి, మణికట్టు మడతపడకుండ కాచును. దానిపై పది ఔన్సుల, అనగా సుమారు 283 గ్రాముల తొడుగు, దెబ్బను విశాలముగ పరచి చర్మము చిట్లుటను తగ్గించును.

అయితే తొడుగు మెత్తనిది కావున తలకు క్షేమమను భ్రమ వలదు. చేయి నొవ్వనందున యోధుడు తలపై మరింత బలముగ, మాటిమాటికి కొట్టగలడు. దవడ తాకిన దెబ్బకు తల గిఱ్ఱున తిరుగగా లోపల మెదడు కుదుపునకు లోనగుటను ఏ మెత్తయు పూర్తిగ ఆపలేదు. సాధనకు దిగు పిల్లలకు పట్టీ చుట్టుట మొట్టమొదట నేర్పవలెను. దెబ్బతిని తల తిరిగిన బిడ్డను ఆనాడు మరల బరిలోనికి పంపక వైద్యునికి చూపవలెను.